యాప్‌కి ఎంత చనువు: ఆండ్రాయిడ్, ఐఫోన్‌ల మధ్య అసలు తేడా

ఆండ్రాయిడా, ఐఫోనా అన్న చర్చ మొదలైతే మాట కెమెరా మీదికో, ధర మీదికో, ఐకాన్ల అందం మీదికో పోతుంది. పదేళ్ల కిందట ఆ వాదనలో పస ఉండేది. ఇప్పుడు రెండిట్లోనూ హోమ్ స్క్రీన్ మీద విడ్జెట్లున్నాయి, రెండిట్లోనూ కింది అంచు నుంచి పైకి తోస్తే హోమ్‌కి చేరతాం. చెన్నైలో మెట్రోకీ, బస్సుకీ, ఆటోకీ, బ్యాంకుకీ కావలసిన యాప్‌లు రెండు చోట్లా దొరుకుతున్నాయి. గట్టిగా మిగిలిన తేడా ఒకటే: లోపలికి వచ్చిన యాప్‌ని ఫోన్‌ని నడిపే సిస్టమ్ ఎంత చనువుగా మసలనిస్తుంది? ఆండ్రాయిడ్ చాలా విషయాల్లో వాడేవాళ్లని అడిగి యాప్‌కి అధికారం ఇస్తుంది. ఐఫోన్‌ని నడిపే ఐఓఎస్ అదే విషయాల్లో అడిగే అవకాశమే యాప్‌కి ఇవ్వదు. యూపీఐ రిజిస్ట్రేషన్ మధ్యలో ఆగిపోవడం దగ్గర్నుంచి ఏపీకే ఫైళ్ల (ఆండ్రాయిడ్‌లోకి యాప్‌ని ఎక్కించే ఫైళ్ల) మోసాల దాకా రోజూ ఎదురయ్యే చాలా తలనొప్పుల మూలం ఇక్కడుంది.

రెండు సిమ్‌లు, ఒక ఎస్సెమ్మెస్

చెన్నైలో ఉండే తెలుగువాళ్ల ఫోన్లలో రెండు సిమ్‌లు మామూలే. నెల్లూరులోనో తిరుపతిలోనో తీసుకున్న పాత నంబర్ ఆధార్‌కీ, బ్యాంకు ఖాతాకీ ముడిపడి ఉంటుంది. ఇక్కడికొచ్చాక తీసుకున్న తమిళనాడు నంబర్ మీద రోజువారీ కాల్స్, డేటా నడుస్తాయి. కొత్త ఫోన్‌లో యూపీఐ యాప్ పెట్టేటప్పుడు చిక్కు వచ్చేది ఈ రెండిటి మధ్యే.

యూపీఐ ఒక ఫోన్‌ని నమ్మాలంటే, బ్యాంకులో నమోదైన నంబర్ ఉన్న సిమ్ నుంచి, ఆ ఫోన్ ద్వారానే, ఒక కోడ్ ఉన్న ఎస్సెమ్మెస్ బయటికి వెళ్లాలి. ఓటీపీ లోపలికి రావడం సరిపోదు, మెసేజ్ బయటికి పోవాలి. ఆండ్రాయిడ్‌లో యాప్ ఎస్సెమ్మెస్ అనుమతి తీసుకుని, సిమ్ 1, సిమ్ 2లలో ఏదో ఎంచుకోమని అడిగి, ఆ తర్వాత మెసేజ్ తనే పంపేస్తుంది. ఐఫోన్‌లో ఏ యాప్‌కీ తనంతట తాను ఎస్సెమ్మెస్ పంపే వీల్లేదు, సిమ్‌లోని నంబర్ చదివే వీలూ లేదు. కాబట్టి అక్కడ మెసేజ్ రాసే తెర తెరుచుకుంటుంది. అందులో అర్థం కాని అక్షరాల వరుస సిద్ధంగా ఉంటుంది, పంపే బాణం మాత్రం వాడేవాళ్లే నొక్కాలి. అందులో ఒక్క అక్షరం చెరిపినా, నొక్కకుండా వెనక్కి వచ్చేసినా పని చెడుతుంది.

ఇక్కడే రెండు లైన్ల గొడవ. ఫోన్‌లో ముందే ఎంపికై ఉన్న (డిఫాల్ట్) లైన్ తమిళనాడు నంబరైతే మెసేజ్ దాని నుంచే బయల్దేరుతుంది. ఆ నంబర్‌తో బ్యాంకులో ఖాతా లేదు కాబట్టి రిజిస్ట్రేషన్ తిరగ్గొడుతుంది. బాణం నొక్కే ముందు ఆ తెర మీద ఏ లైన్ నుంచి పోతోందో చూసి, దాని మీద నొక్కి, ఊరి నంబర్‌కి మార్చాలి. చాలామంది ఇది గమనించక యాప్ తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. దానివల్ల ఏమీ మారదు.

మరో చిక్కు రీచార్జ్ దగ్గర. ఊరి సిమ్ బతికుంటే చాలని కనీస ప్లాన్ వేసి వదిలేస్తారు. దాని గడువు దాటినా కొన్నాళ్ల పాటు ఓటీపీలు లోపలికి వస్తూనే ఉంటాయి. అందుకని సిమ్ బాగానే ఉందనిపిస్తుంది, కానీ బయటికి ఎస్సెమ్మెస్ పోదు. యూపీఐ పెట్టే ముందు ఆ సిమ్ నుంచి ఇంట్లో ఇంకో నంబర్‌కి ఒక మామూలు ఎస్సెమ్మెస్ పంపి చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది. ఐఫోన్‌లో ఐమెసేజ్ ఆన్ చేసినప్పుడు ఫోన్ విదేశీ నంబర్‌కి ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది, ప్రీపెయిడ్ బ్యాలెన్స్‌లో ఆ మేరకు కోత పడవచ్చు. అది మోసం కాదు, కంగారు పడనక్కర్లేదు.

రిజిస్ట్రేషన్ పూర్తయినా పెద్ద మొత్తాలు వెంటనే పోవు. కొత్త ఫోన్‌లో మొదటి 24 గంటలు 5,000 రూపాయల పరిమితి ఉంటుంది. ఐఫోన్ విషయంలో దాన్ని 72 గంటలు ఉంచే బ్యాంకులున్నాయి. ఇంటి అద్దె కట్టాల్సిన రోజునే ఫోన్ మార్చడం మంచి ఆలోచన కాదు.

వెనక నడిచే యాప్‌లు

చెన్నైలో ఆటో, ట్యాక్సీ, డెలివరీ మీద బతికేవాళ్ల చేతుల్లో ఐఫోన్ అరుదు. ధర ఒక కారణమే, పనితీరు ఇంకో కారణం. ఆండ్రాయిడ్‌లో 'ఇతర యాప్‌ల మీద కనిపించడం' అనే ప్రత్యేక అనుమతి ఉంది. డ్రైవర్ మ్యాప్ చూస్తుండగానే బుకింగ్ దాని మీద పెద్ద పెట్టెలా లేచి నిలబడి, ఎత్తుకునేదాకా మోగేది దాని వల్లే. ఐఓఎస్‌లో ఒక యాప్ మరో యాప్ తెర మీదికి రాలేదు, మామూలు నోటిఫికేషన్‌గా పైన కనిపించి పోతుంది. పోటీపడి సెకన్లలో ఎత్తుకోవలసిన బుకింగ్‌కి ఆ తేడా చాలా పెద్దది. అదే అనుమతిని దొంగ యాప్ సంపాదిస్తే బ్యాంకు యాప్ తెర మీద నకిలీ తెర కప్పి పిన్ కొట్టేయగలదన్నది దీనికి రెండో వైపు.

ఆండ్రాయిడ్ ఇచ్చే ఈ చనువుని ఫోన్ తయారీ కంపెనీలు మళ్లీ కత్తిరిస్తాయి. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని చూపించుకోవడానికి, తెర ఆగిన కాసేపటికే వెనక నడిచే యాప్‌లని చంపేస్తాయి. అలారం మోగకపోవడం, వాట్సాప్ మెసేజ్‌లు ఫోన్ తెరిచాకే గుంపుగా వచ్చిపడటం, నడక లెక్క మధ్యలో ఆగిపోవడం ఎక్కువగా ఈ కోవలోవే. కొన్ని కంపెనీల ఫోన్లలో రీసెంట్ యాప్‌ల జాబితా నుంచి తోసేస్తే యాప్‌ని బలవంతంగా ఆపేసినట్టే లెక్క. అలా ఆగిపోయిన యాప్‌ని మళ్లీ తెరిచేదాకా గూగుల్ పంపే నోటిఫికేషన్ కూడా దాన్ని లేపలేదు.

సరిచేసే చోటు ఒక్కో కంపెనీలో ఒక్కో పేరుతో ఉంటుంది. షావోమీలో ఆ యాప్ వివరాల్లోకి వెళ్లి 'ఆటోస్టార్ట్' ఆన్ చేసి, బ్యాటరీ సేవర్‌లో 'నో రిస్ట్రిక్షన్స్' పెట్టాలి. ఒప్పో, రియల్‌మీలలో యాప్ బ్యాటరీ వాడకంలోకి వెళ్తే ఆటో లాంచ్, బ్యాక్‌గ్రౌండ్ యాక్టివిటీ అనే రెండు మీటలుంటాయి, రెండూ ఆన్‌లో ఉండాలి. శాంసంగ్‌లో 'స్లీపింగ్ యాప్స్', 'డీప్ స్లీపింగ్ యాప్స్' జాబితాలు చూసి, ముఖ్యమైన యాప్‌ని 'నెవర్ ఆటో స్లీపింగ్' లోకి మార్చాలి. పెద్దవాళ్ల ఫోన్‌లో మందుల వేళ గుర్తుచేసే యాప్ పెట్టి ఈ పని చేయకపోతే అది రెండో రోజుకే మూగబోవచ్చు. దుకాణంలో ఈ సంగతి చెప్పేవాళ్లు తక్కువ.

ఐఫోన్‌లో ఈ గొడవ ఉండదు, ఎందుకంటే అక్కడ యాప్ వెనక నడవాలన్న ఆశే తక్కువ. పక్కకి వెళ్లిన కొన్ని సెకన్లకి యాప్ స్తంభించిపోతుంది. నోటిఫికేషన్‌ని ఆపిల్ సర్వర్ల నుంచి అందుకుని చూపించేది సిస్టమే. యాప్‌ని పైకి తోసేసినా మెసేజ్‌ల నోటిఫికేషన్ వస్తూనే ఉంటుంది. కాబట్టి ఐఫోన్‌లో గంటకోసారి యాప్‌లన్నీ పైకి తోసేసే అలవాటు బ్యాటరీని మిగల్చదు. తిరిగి మొదటి నుంచి తెరవాల్సి రావడంతో ఇంకాస్త ఖర్చు చేస్తుంది.

నోటిఫికేషన్ల మీద పట్టు విషయంలో మాత్రం ఆండ్రాయిడ్‌దే స్పష్టంగా పైచేయి. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ప్రతి యాప్ తన నోటిఫికేషన్లని రకాలుగా విడదీసి చూపించాలి. భోజనం తెప్పించే యాప్ నుంచి వచ్చిన ఆఫర్ నోటిఫికేషన్ మీద వేలు కాసేపు అదిమి పట్టుకుంటే అది ఏ రకమో కనిపిస్తుంది. ఆ ఒక్క రకాన్నే ఆపేస్తే ఆర్డర్ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పేవి యథాతథంగా వస్తాయి. ఐఓఎస్‌లో సిస్టమ్ స్థాయిలో ఈ విభజన లేదు. యాప్ తన సెట్టింగ్స్‌లో ఆ వీలు కల్పిస్తేనే ఉంటుంది, లేకపోతే అన్నీ రావాలి, లేదా ఏదీ రాకూడదు. ఇంత నియంత్రణ ఇష్టపడే ఆపిల్ ఈ ఒక్క చోట అధికారాన్ని యాప్‌కి వదిలేయడం సమర్థించలేని లోపం.

తెలుగు చదవడం, తెలుగు రాయడం

అక్షరాన్ని తెర మీద గీసే పని యాప్‌ది కాదు, సిస్టమ్‌ది. దీని అర్థం ఏమిటో 2018 ఫిబ్రవరిలో అందరికీ తెలిసింది. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్‌కి ఒక తెలుగు అక్షరం పంపితే దాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలేది. నోటిఫికేషన్‌గా వస్తే హోమ్ స్క్రీనే కూలి మళ్లీ మళ్లీ మొదలయ్యేది. ఆ అక్షరం మనం రోజూ రాసే 'జ్ఞా' లాంటిదే. జ, పొల్లు, ఞ తర్వాత కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు, ఆ తర్వాత దీర్ఘం. ఆ కనిపించని గుర్తే ఆపిల్ అక్షరాలు కూర్చే భాగాన్ని దారి తప్పించింది. మామూలుగా టైప్ చేసిన 'జ్ఞానం'లో ఆ గుర్తు ఉండదు కాబట్టి ఏమీ కాలేదు. ఫిబ్రవరి 19న వచ్చిన 11.2.6తో అది సరైంది. ఐఫోన్‌లో దాదాపు అన్ని యాప్‌లూ ఆ ఒక్క భాగం మీదే ఆధారపడతాయి. అందుకే ఒకే దోషం వాట్సాప్‌నీ, మెసేజెస్‌నీ, ఇంకెన్నిటినో ఒక్క దెబ్బతో పడగొట్టింది, ఒకే అప్‌డేట్ అన్నిటినీ నిలబెట్టింది. అదే దోషం ఆండ్రాయిడ్‌లో వచ్చి ఉంటే దాన్ని సరిచేసే అప్‌డేట్ ఒక్కో కంపెనీ ఫోన్‌కి ఒక్కో నెలలో చేరేది, కొన్నిటికి అసలు చేరేదే కాదు.

రాయడంలో ఆండ్రాయిడ్ చాలా ముందు బయల్దేరింది. గూగుల్ కీబోర్డు అయిన జీబోర్డ్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు పడే పద్ధతి, 2017 నుంచి తెలుగులో మాట్లాడితే రాసే సౌకర్యం ఉన్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదువుకున్న చెన్నై కుటుంబాలకి ఆ రెండోది పెద్ద వరం. తెలుగు లిపి సరిగా రాయలేనివాళ్లు కూడా ఊళ్లో ఉన్న అమ్మమ్మకి తెలుగులో మెసేజ్ పెట్టగలుగుతున్నారు. ఐఫోన్‌లో కీబోర్డు మార్చకుండానే ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే వీలు 2024లో ఐఓఎస్ 18తో వచ్చింది. సిస్టమ్ మెనూలు మొత్తం తెలుగులో కనిపించడం 2025 మార్చిలో, ఐఓఎస్ 18.4తో. ఇంత ఆలస్యాన్ని తెలుగువాళ్లు ఊరికే భరించారు.

ఫోన్ ఇంగ్లిష్‌లో ఉంచి ఒక్క యాప్‌ని తెలుగులోకి మార్చుకునే వీలు ఐఓఎస్‌లో 2019 నుంచి, ఆండ్రాయిడ్‌లో 2022లో వచ్చిన వెర్షన్ 13 నుంచి ఉంది. ఐఫోన్‌లో ఆ యాప్ సెట్టింగ్స్‌లో 'లాంగ్వేజ్' వరుస కనిపించకపోతే కారణం సాధారణంగా ఒకటే: ఫోన్ భాషల జాబితాలో తెలుగుని రెండో భాషగా చేర్చలేదు. ముందు అది చేర్చాలి, అప్పుడు ఆ వరుస పుడుతుంది.

పెద్దవాళ్లకి ఫోన్ కొనేటప్పుడు వెనక్కి వెళ్లే పద్ధతి కూడా చూడాలి. ఆండ్రాయిడ్‌లో కావాలంటే కింద మూడు బటన్లు శాశ్వతంగా ఉంచుకోవచ్చు. ఏ యాప్‌లో ఉన్నా వెనక్కి వెళ్లే బటన్ ఒకే చోట ఉంటుంది. ఐఫోన్‌లో ఆ బటన్ లేదు. ఎడమ అంచు నుంచి తోయాలి, లేదా పై మూలన ఉన్న చిన్న బాణం నొక్కాలి, కొన్ని తెరల్ని కిందికి లాగాలి. వేళ్లు వణికేవాళ్లకి ఇది నిజంగా కష్టం.

ఏపీకే అనే తలుపు

ట్రాఫిక్ చలానా అనో, పెళ్లి శుభలేఖ అనో, ప్రభుత్వ పథకం అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ల వల్ల ఖాతాలు ఖాళీ అవుతున్న కేసులు మన రాష్ట్రాల్లోనూ, చెన్నైలోనూ తరచూ పోలీసుల దాకా వెళ్తున్నాయి. పద్ధతి ఒకటే. ఫైల్ తెరవగానే 'తెలియని యాప్‌లను అనుమతించు' అంటుంది, తర్వాత ఎస్సెమ్మెస్ అనుమతి, ఆపైన యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతుంది. మొదటిదానితో లోపలికి వస్తుంది, రెండోదానితో ఓటీపీలు అవతలికి పంపుతుంది, మూడోదానితో తెర మీద ఉన్నది చదివి బటన్లు తనే నొక్కుతుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా బయటి నుంచి వచ్చిన యాప్‌కి యాక్సెసిబిలిటీ సులువుగా దొరక్కుండా అడ్డం పెట్టారు. అయినా ఫోన్‌లో అవతలి వ్యక్తి ఒక్కో మెట్టూ చెప్పి చేయించుకుంటే ఆ అడ్డం నిలవదు.

మన దేశంలో ఐఫోన్‌లో ఏపీకే లాంటి ఫైల్ వాట్సాప్‌లో వచ్చి ఎక్కే దారి లేదు, ఏ యాప్‌కీ ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి లేదు. ఈ రకం మోసానికి అది గట్టి గోడ. నకిలీ వెబ్‌సైట్‌లో పిన్ కొట్టించే మోసానికి మాత్రం రెండు ఫోన్లూ ఒకటే. ఆండ్రాయిడ్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్' తెరిచి వాట్సాప్‌కీ, బ్రౌజర్‌కీ, ఫైల్ మేనేజర్‌కీ ఆ అనుమతి ఆఫ్‌లో ఉందో లేదో ఇప్పుడే చూసుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో మరీనూ.

శ్రీపెరంబుదూర్ చెప్పే సంగతి

ఆండ్రాయిడ్, ఐఓఎస్‌లు కాక మూడో దారి ఎందుకు లేదన్న ప్రశ్నకి చెన్నై శివార్లలోనే జవాబుంది. శ్రీపెరంబుదూర్‌లో నోకియా ఫ్యాక్టరీ 2006లో మొదలై 2014 నవంబర్ 1న ఆగింది. ఆ ఏడాది నోకియా ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్ కొన్నా, పన్ను వివాదం వల్ల ఈ ఫ్యాక్టరీ ఆ ఒప్పందంలో చేరలేదు. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ ఆర్డర్లూ ఆగాయి. మైక్రోసాఫ్ట్ నమ్ముకున్న విండోస్ ఫోన్ అనే సిస్టమ్ తెర చక్కగా ఉండేది, చవక ఫోన్లలో కూడా చురుగ్గా కదిలేది. యాప్‌లు రాసేవాళ్లు మాత్రం రాలేదు. 2019 డిసెంబర్ 31న వాట్సాప్ కూడా దాన్ని వదిలేసింది. ఇప్పుడు అదే ప్రాంతంలో ఫాక్స్‌కాన్ ఐఫోన్లు కూరుస్తోంది.

2023 జనవరిలో ఐఐటీ మద్రాస్ తోడ్పాటుతో వచ్చిన భారోస్ అనే ఫోన్ సిస్టమ్ ఇంకో ప్రయత్నం. ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ కోడ్ మీదే నిలబడింది, ముందే ఎక్కించిన యాప్‌లు లేకుండా, నమ్మిన యాప్‌లకే చోటిచ్చేలా రూపొందింది. గోప్యత గట్టిగా అవసరమైన సంస్థలకి అలాంటిది పనికొస్తుంది. మామూలు వాడకానికి వచ్చేసరికి గూగుల్ ధ్రువీకరణ లేని ఏ సిస్టమ్‌కైనా ఒకే కష్టం ఎదురవుతుంది: చాలా బ్యాంకు యాప్‌లు ఫోన్ నమ్మదగినదో కాదో గూగుల్‌ని అడిగి, జవాబు రాకపోతే తెరుచుకోవు. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా యాప్‌లు తయారుచేసేవాళ్ల కోసం ఉన్న 'డెవలపర్ ఆప్షన్స్' ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు మొరాయిస్తాయి. కారణం తెలియక ఫోన్ రీసెట్ చేసేవాళ్లున్నారు, ఆ మీట ఆఫ్ చేస్తే సరిపోతుంది.

ఒకదాని నుంచి మరోదానికి

మారేటప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా పోయేది వాట్సాప్. ఆండ్రాయిడ్‌లో దాని బ్యాకప్ గూగుల్ ఖాతాలో, ఐఫోన్‌లో ఐక్లౌడ్‌లో ఉంటుంది, ఒకదాన్ని మరొకటి చదవలేదు. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి తీసుకెళ్లాలంటే 'మూవ్ టు ఐఓఎస్' యాప్ ద్వారా, ఐఫోన్‌ని మొదటిసారి సెటప్ చేస్తున్నప్పుడే చేయాలి. ఐఫోన్ వాడటం మొదలుపెట్టాక గుర్తొస్తే దాన్ని పూర్తిగా చెరిపి మళ్లీ మొదలుపెట్టడమే మార్గం.

రెండు ఫోన్లనీ చార్జింగ్‌లో పెట్టి, ఆండ్రాయిడ్‌లో మొబైల్ డేటా ఆఫ్ చేయాలి. బదిలీ కోసం ఐఫోన్ పుట్టించే వైఫైలో ఇంటర్నెట్ ఉండదు. అది చూసి ఆండ్రాయిడ్ తనే మొబైల్ డేటాకి మళ్లిపోతే బదిలీ తెగిపోతుంది. ఐఫోన్ చూపించిన కోడ్‌ని ఆండ్రాయిడ్‌లో కొట్టి, జాబితాలో వాట్సాప్‌ని ఎంచుకుని, 'స్టార్ట్' నొక్కి, అది డేటా సిద్ధం చేసేదాకా ఆగాలి. పూర్తయ్యేదాకా ఆ తెర మీదే ఉండాలి. మధ్యలో కాల్ ఎత్తినా, వేరే యాప్‌లోకి వెళ్లినా మొదటికొస్తుంది. తర్వాత ఐఫోన్‌లో వాట్సాప్ ఎక్కించి పాత నంబర్‌తోనే లాగిన్ అవ్వాలి. ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కి వెళ్లేటప్పుడు రెండు ఫోన్లనీ కేబుల్‌తో కలిపి, కొత్త ఫోన్ సెటప్ దశలోనే ఈ పని కానివ్వాలి.

ఐఫోన్‌కి మారినవాళ్లకి దరఖాస్తుల దగ్గర ఇంకో ఇబ్బంది. ఐఫోన్ ఫొటోలని హెచ్‌ఈఐసీ పద్ధతిలో దాస్తుంది, జేపీజీ మాత్రమే తీసుకునే వెబ్‌సైట్లు దాన్ని తిరస్కరిస్తాయి. సెట్టింగ్స్‌లో కెమెరాలోకి వెళ్లి ఫార్మాట్స్‌లో 'మోస్ట్ కంపాటిబుల్' పెడితే అక్కడి నుంచి తీసేవన్నీ జేపీజీలే.

సిమ్ విషయం చివరికి ఉంచాలి. మన దేశంలో అమ్మే ఐఫోన్లలో ఎక్కువ వాటికి ఒక నానో సిమ్ చోటే ఉంటుంది, రెండో నంబర్‌ని ఈసిమ్‌గా (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్‌గా) మార్చుకోక తప్పదు. అదే నంబర్‌కి కొత్త సిమ్ కార్డు తీసుకున్నా, ఈసిమ్‌కి వెళ్లినా మోసాలు ఆపడానికి ఆ నంబర్‌కి 24 గంటల పాటు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. అంటే ఆ రోజంతా ఓటీపీ రాదు, యూపీఐ రిజిస్ట్రేషన్ కాదు. అందుకే ఊరి నంబర్‌ని నానో సిమ్‌గానే ఉంచి, తమిళనాడు నంబర్‌ని ఈసిమ్ చేయడం మేలు. ఊరి సిమ్ కొత్త ఫోన్‌లో పెట్టి వాట్సాప్, యూపీఐ, బ్యాంకు యాప్‌లు ఒక్కొక్కటీ తెరిచి పనిచేస్తున్నాయని చూసుకున్నాకే రెండో నంబర్‌కి ఈసిమ్ అడగాలి. పాత ఫోన్‌ని చెరిపేది, చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో అమ్మేది ఆ 24 గంటలు గడిచి, రెండు నంబర్లకీ ఓటీపీలు వచ్చాకే.